జ్వరం లేదు సరే, ఆ మగత ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. పక్షవాతం వచ్చాక హైదరాబాద్‌లో ఒక కేర్ హోమ్‌లో చేర్పించాం. నేను డాలస్‌లో ఉంటాను. అమ్మకు నాలుగు నెలలుగా యూరిన్ పైపు ఉంది. నెలనెలా కల్చర్ టెస్టు చేసి, ఇన్ఫెక్షన్ అంటూ యాంటీబయాటిక్ వేస్తున్నారు. రెండు రోజులుగా మగతగా ఉంటోందట, సరిగా తినడం లేదట. జ్వరం మాత్రం లేదు. గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా?

సలహా: ప్యూరిఫయర్ సంగతి తర్వాత. అమ్మగారిని ఈ రోజే డాక్టర్ చూడాలి. దూరాన ఉన్న మీ టెన్షన్ అర్థమవుతోంది, కానీ రెండు రోజులు ఆగాల్సింది కాదు. ఈ వయసులో ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి మగత, పొంతన లేని మాటలు, తిండి మానేయడం, ఇవే చాలాసార్లు మొదటి గుర్తులు. 100 డిగ్రీలు దాటినా, రోజూ ఉండేదానికన్నా 2 డిగ్రీలు పెరిగినా వాళ్లకు జ్వరం కిందే లెక్క. బీపీ, ఆక్సిజన్, షుగర్, సోడియం చూడమనండి. పక్షవాతం మనిషి కాబట్టి అన్నం పొలమారి న్యుమోనియా మొదలైందా, మళ్లీ స్ట్రోక్ వచ్చిందా అన్నదీ తేల్చాలి. పరీక్షించకుండా ఇంతకు మించి నేను చెప్పడం సరికాదు. రేపు చూద్దాం అని హోమ్ వాళ్లంటే 108కి ఫోన్ చేయించండి.

మీరు రాసినదాంట్లో నాకు మింగుడుపడనిది ఆ పైపు. ఎందుకు వేశారు? మూత్రం ఆగిపోయినందుకా, పక్క తడుస్తోందనా? పక్క తడుస్తోందనే అయితే డైపర్‌తో సరిపెట్టి, పైపు తీయొచ్చేమో అడగండి. పైపు వేసి నెల దాటితే దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా చేరుతుంది. బాధలేమీ లేనప్పుడు కల్చర్‌లో అది కనిపించినంత మాత్రాన మందు అక్కర్లేదు. ఇలా నెలనెలా వేస్తూ పోతే మందుకు లొంగని క్రిములే మిగులుతాయి. నిజంగా అవసరమైన రోజు మాత్రలు పనిచేయవు, ఆస్పత్రిలో ఇంజెక్షన్లే దిక్కవుతాయి. చాలా యాంటీబయాటిక్స్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, మందుల షాపు రిజిస్టర్‌లో రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు ఉండాలి. అమ్మగారికి ప్రతి నెలా ఆ చీటీ రాసింది ఎవరో కనుక్కోండి.

ఇప్పుడు మాత్రం లక్షణాలున్నాయి కాబట్టి మూత్ర పరీక్ష అవసరం పడొచ్చు. అప్పుడు పాత పైపు తీసి, కొత్తది వేశాక దాన్నుంచి శాంపిల్ తీయాలి. వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయమనండి. సంచిలోది పంపితే ఆ రిపోర్టుకు విలువ లేదు.

యూరిన్ సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. ఒకరి సంచి ఖాళీ చేసిన ఆయా చేతులు కడగకుండా, గ్లవ్స్ మార్చకుండా పక్క మంచం దగ్గరికి వెళ్లిందంటే క్రిములు కూడా వెంటే వెళతాయి. విరేచనాలు పట్టుకున్నవాళ్లు ఉంటే శానిటైజర్ చాలదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఏటా ఫ్లూ టీకా, డాక్టర్‌ని అడిగి న్యుమోనియా టీకా వేయించండి. ఫ్లూ టీకా అక్కడి సిబ్బందికీ అవసరమే.

ప్యూరిఫయర్‌తో మూత్రం ఇన్ఫెక్షన్లు తగ్గవు. దాని బదులు హైదరాబాద్‌లో ఉన్న మీ బంధువులెవరినైనా వారానికోసారి చెప్పకుండా వెళ్లి, సింకు దగ్గర సబ్బు ఉందో లేదో, సంచి ఎక్కడ వేలాడుతోందో చూసి రమ్మనండి.