కన్సల్టెన్సీ పెట్టే ముందు కాంట్రాక్టు ఏడో పేజీ చదవండి

అమెరికా వచ్చిన నాలుగైదేళ్ళకి మనవాళ్ళలో చాలామందికి ఒక ఆలోచన మొదలవుతుంది. ఎంతకాలం ఇంకొకరి దగ్గర చేస్తాం, మనమే ఒక చిన్న టెక్ కంపెనీ పెట్టుకుని కొత్తగా ఏదైనా చేస్తే బాగుంటుంది కదా అని. నన్ను అడిగేవాళ్ళందరి మొదటి ప్రశ్న ఒకటే: ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) ఎలా పెట్టాలి? నిజానికి అన్నిటికన్నా తేలికైన పని అదే. రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లో ఫారం నింపి ఫీజు కడితే అయిపోతుంది. పన్నుల శాఖ ఐఆర్ఎస్ కంపెనీకి ఇచ్చే గుర్తింపు నంబరు, ఈఐఎన్, ఉచితం. దానికి డబ్బులు గుంజే సైట్లు బోలెడున్నాయి, వాటి జోలికి పోకండి.

ముందు తేల్చుకోవాల్సింది వీసా సంగతి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు ఒక కంపెనీలో వాటా పెట్టుకోవచ్చు గానీ, అనుమతి లేకుండా ఆ కంపెనీకి పని చేయకూడదు. "శనాదివారాలే కదా, జీతం కూడా తీసుకోను" అంటారు. జీతం లేకపోతే అది పని కాకుండా పోదు. 2025 జనవరి 17 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం, మీకు సగానికి మించి వాటా ఉన్న కంపెనీ కూడా మీకు హెచ్‌1బీ పిటిషన్ వేయొచ్చు. కాకపోతే మొదటి అప్రూవల్, మొదటి పొడిగింపు ఒక్కొక్కటీ 18 నెలలకు మించి ఇవ్వరు. హెచ్‌4 మీద ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి, వచ్చిన భార్యగానీ భర్తగానీ నిక్షేపంగా కంపెనీ నడుపుకోవచ్చు. పేరు ఆవిడది, రాత్రి పన్నెండింటిదాకా కోడింగ్ ఈయనది అయితే మాత్రం ఇద్దరికీ ప్రమాదమే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో నిలబడ్డవాళ్ళు ఇలాంటి చిన్న కక్కుర్తికి పోకూడదు. లాయరుకి ఒక గంట ఫీజు కట్టి అడగండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

ఇక కన్సల్టెన్సీ అనే మాట. మనవాళ్ళలో దానికి ఒక ప్రత్యేకమైన అర్థం స్థిరపడిపోయింది. మనిషిని ప్రాజెక్టులోకి పంపి, గంటకింత అని మార్జిన్ పట్టుకోవడం. చట్టబద్ధంగా, నిజాయితీగా చేస్తే అదీ వ్యాపారమే, నేను తప్పు పట్టను. కానీ అక్కడ కొత్తదనానికి చోటుండదు. క్లయింటుకీ మీకూ మధ్య ఇద్దరు వెండర్లు, అంటే మధ్యవర్తి కంపెనీలు, ఉంటారు, ఇన్వాయిస్ డబ్బులు 45 రోజులకో 60 రోజులకో వస్తాయి. జీతాలేమో రెండు వారాలకోసారి ఇవ్వాలి. ప్రాజెక్టు లేక బెంచ్ మీదున్న హెచ్‌1బీ ఉద్యోగికి కూడా జీతం ఇచ్చి తీరాలని చట్టం. ఈ తేడా పూడ్చుకోవడంలోనే బుర్ర అంతా ఖర్చయిపోతుంది.

నేను చెప్పేది రెండో రకం గురించి. ఒక వ్యాపారం దగ్గరికి వెళ్ళి, వాళ్ళ తలనొప్పి ఏమిటో చూసి, దాన్ని తీర్చి డబ్బు తీసుకునే రకం. ఇందులోనే కొత్త ఆలోచనలు పుడతాయి. కూర్చుని ఆలోచిస్తే కాదు, ఒకే తలనొప్పిని రెండు మూడు చోట్ల చూస్తే.

గ్రీన్‌కార్డు వచ్చాక నా మొదటి క్లయింటు ఒక గోడౌన్ వ్యాపారి. వాళ్ళ అకౌంటెంట్ ప్రతి శుక్రవారం సాయంత్రం కొనుగోలు ఆర్డర్లు ఒక కట్ట, సప్లయర్ల ఇన్వాయిస్‌లు ఒక కట్ట ముందేసుకుని, మూడు రంగుల హైలైటర్లతో కూర్చునేది. పసుపు అంటే సరిపోయింది, గులాబీ అంటే మొత్తంలో తేడా, ఆకుపచ్చ అంటే "ఇదేమిటో నాకూ తెలీదు". నన్ను పిలిచింది వేరే పనికి. ఆ ఆకుపచ్చ కాగితాలు చూస్తూ ఊరుకోలేక, రెండింటినీ పోల్చే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. నంబరు ముందున్న సున్నా ఎగిరిపోవడం, తేదీలో రోజూ నెలా తారుమారు కావడం, ఒకే ఇన్వాయిస్ రెండుసార్లు రావడం, ఆకుపచ్చలో ముప్పాతిక భాగం ఇవే. ఎనిమిది నెలల్లో అది బాగా పదునెక్కింది.

రెండో క్లయింటు దగ్గరికి వెళ్తే అక్కడా అదే కథ, హైలైటర్లకి బదులు ఎక్సెల్ షీటు. ఇంకేం, ప్రొడక్ట్ దొరికిందని ఎగిరి గంతేశాను. ఆ రాత్రి మొదటి కాంట్రాక్టు తీసి, తొలిసారి పూర్తిగా చదివాను. ఏడో పేజీలో రెండు వాక్యాలు: ఈ పని సందర్భంగా తయారైన కోడ్, పత్రాలు, ఆలోచనలు సమస్తం క్లయింటు సొత్తు. కింద నా సంతకం.

తమాషా ఏమిటంటే, ఇక్కడి కాపీరైట్ చట్టం మామూలుగా బయటి కాంట్రాక్టరు పక్షానే ఉంటుంది. రాసిన కోడ్ మీద హక్కుని రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అది కాంట్రాక్టరుదే. చట్టం ఇచ్చిన దాన్ని నేనే చేతులారా రాసిచ్చేశాను. లాయరు కూడా, ఆ పనిని మళ్ళీ మొదటినుంచి రాసినా గొడవే అన్నాడు. వదిలేశాను.

అప్పట్నుంచీ ప్రతి కాంట్రాక్టుకీ ఒక పేజీ అదనంగా జోడిస్తాను. నేను ముందే తయారుచేసుకున్న పనిముట్ల జాబితా అందులో ఉంటుంది. అవి, వాటికి చేసే మెరుగులు నావి. క్లయింటు వాటిని ఎప్పటికీ వాడుకోవచ్చు, అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. క్లయింటు డేటా, వాళ్ళ వ్యాపార రహస్యాలు పూర్తిగా వాళ్ళవి. ఇది అడిగితే ప్రాజెక్టు పోతుందని మనవాళ్ళకి ఒకటే భయం. నాకు ఒక్కసారే పోయింది. గోడౌన్ నడుపుకునేవాడికి సాఫ్ట్‌వేర్ అమ్ముకోవాలని ఎందుకుంటుంది? పని జరిగితే చాలు. అన్నట్టు, మీరు వేరేవాళ్ళ చేత కాంట్రాక్టు మీద కోడ్ రాయించుకుంటే, ఇదే చట్టం మీకు ఎదురు తిరుగుతుంది. హక్కుల బదిలీ మీద సంతకం పెట్టించుకున్నాకే మొదటి చెక్కు ఇవ్వండి.

పేటెంట్ గురించి కూడా అడుగుతుంటారు. ఆలిస్ అనే కంపెనీ కేసులో 2014లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, పాత పనినే కంప్యూటర్‌తో చేయిస్తున్నామంటే పేటెంట్ రావడం కష్టమైంది. నిజంగా కొత్త పద్ధతి ఉంటే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి, పూర్తి దరఖాస్తుకి 12 నెలల సమయం తీసుకోవచ్చు. మొదటి ఏడాది పేటెంటుకి పెట్టే డబ్బుతో ఇంకో క్లయింటుని వెతుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

పన్నుల్లో మనవాళ్ళు ప్రత్యేకంగా చిక్కుకునే చోటు ఒకటుంది. సొంత ప్రొడక్ట్ కోసం ఇండియాలో టీమ్ పెడతాం, చవక అని. 2022 నుంచి, విదేశంలో చేయించిన సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఖర్చుని ఒకేసారి చూపించడానికి లేదు, 15 ఏళ్ళ మీద పంచి చూపించాలి. ఏడాదికి 60,000 డాలర్లు పంపారనుకోండి, మొదటి సంవత్సరం సగం ఏడాదికే లెక్క కాబట్టి, ఖర్చు కింద చూపించగలిగేది 2,000. మిగతా 58,000 చేతిలోంచి పోయినా, పన్ను లెక్కలో లాభంలాగే కనిపిస్తుంది. అమెరికాలోనే చేయించిన పనికి కూడా కొన్నాళ్ళు ఐదేళ్ళ నియమం ఉండేది, 2025 జులైలో వచ్చిన చట్టంతో దాన్ని మళ్ళీ అదే ఏడాది చూపించుకోవచ్చు. విదేశీ ఖర్చుకి మాత్రం 15 ఏళ్ళే. ఈ ఒక్క విషయం తెలిసిన సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) పట్టుకోండి. మిగతావి మామూలువే: స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15లకి అంచనా పన్ను వాయిదాలు. క్లయింటు చెక్కు పడగానే మూడో వంతు వేరే ఖాతాలోకి మార్చేయడం నా అలవాటు, లేకపోతే ఏప్రిల్లో టెన్షన్.

ఉద్యోగం ఎప్పుడు మానేయాలన్నది చివరి ప్రశ్న. చేతిలో ఒక క్లయింటు ఉంటే అది వ్యాపారం కాదు, ఇంకో రకం ఉద్యోగం. రెండో క్లయింటు సంతకం పెట్టేదాకా ఆగండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నామని చాలామంది ధైర్యంగా చెబుతారు, ఆ లెక్కలో హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదు. 20 మందీ అంతకు మించీ ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా అనే చట్టం కింద పాత ఇన్సూరెన్స్‌నే మామూలుగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు. కాకపోతే కంపెనీ ఇన్నాళ్ళూ కట్టిన వాటాతో కలిపి మొత్తం ప్రీమియం, పైన రెండు శాతం ఫీజు దాకా మీరే కట్టాలి. మా నలుగురికీ ఎంతవుతుందో హెచ్‌ఆర్ వాళ్ళు పంపిన కాగితం చూశాక, మా ఇంట్లో నా రాజీనామా ఇంకో మూడు నెలలు వాయిదా పడింది.