మా చుక్కి షుగర్ నోట్‌బుక్

షుగర్‌తో కొన్నేళ్లు బతికి ఈమధ్యే పోయిన మీ కుక్కను తలచుకుంటే సూదులు, ఆసుపత్రి బల్ల తప్ప ఇంకేమీ కళ్ల ముందుకు రావడం లేదన్నారు. అంతకుముందు హాయిగా తిరిగిన కుక్కను ఎలా గుర్తు తెచ్చుకోవాలని అడిగారు. మా చుక్కి పోయిన కొత్తలో నాదీ ఇదే బాధ, అందుకే రాస్తున్నాను.

చుక్కికి ఎనిమిదో ఏట షుగర్ బయటపడింది. గిన్నెడు నీళ్లు తాగి మళ్లీ ఆ గిన్నె దగ్గరే నిలబడేది. ఏనాడూ ఇల్లు పాడు చేయని కుక్క, రాత్రి నిద్రలోనే పక్క తడిపేసి, తెల్లారేసరికి మంచం కిందికి దూరిపోయేది. తిండి బాగానే తినేది, ఒళ్లు మాత్రం చిక్కిపోతూ వచ్చింది. వయసు మీద పడుతోంది కదా అనుకుని నెల రోజులు పోనిచ్చాం. ఆ నెల గురించి నాకు ఇప్పటికీ బాధే. పరీక్ష చేస్తే రక్తంలో చక్కెర 400 దాటి ఉంది. కుక్కల్లో మామూలుగా 80 నుంచి 120 మధ్య ఉండాలి.

"మాత్రలతో తగ్గదా డాక్టర్ గారూ?" అని అమ్మ అడిగింది. తగ్గదన్నారు. మనుషుల్లో చాలామంది మాత్రలతో నెట్టుకొస్తారు గానీ, కుక్కల్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతింటాయి కాబట్టి దాదాపు అన్నిటికీ బతికినంతకాలం సూది తప్పదట. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో, తిన్న తర్వాత. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించమన్నారు. ఎదకు వచ్చి వెళ్లాక ఒంట్లో పెరిగే హార్మోన్ ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదట. అదీ చేయించాం.

అప్పటి నుంచి పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. ఎక్కడికి వెళ్లినా ఒకరు ఇంట్లో ఉండిపోవాల్సిందే. నాన్న దాని వీపు మీద వదులుగా ఉండే చర్మాన్ని కాస్త పైకెత్తి పట్టుకుంటే నేను సూది వేసేదాన్ని. మొదటి వారం నా చేతులు వణికాయి. నెల తిరిగేసరికి ఏడు కాకముందే చుక్కే వచ్చి, నాన్న కాళ్లకు వీపు ఆనించి కూర్చునేది. దానికి గడియారం ఎవరు నేర్పారో!

ఒకరోజు అమ్మ వేసిన సంగతి తెలియక తమ్ముడు మళ్లీ సూది వేశాడు. రెండు గంటలు గడిచాక చుక్కి కాళ్లు తడబడ్డాయి. గోడకు తల ఆనించి వణుకుతూ నిలబడింది. మీటర్‌లో చూస్తే 41. చిగుళ్లకు తేనె రాసి, ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచింది. తమ్ముడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఇంకా షుగర్ కుక్కను చూసుకుంటూ ఇది చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను: సూది పడిందో లేదో అనుమానం వస్తే మళ్లీ వేయకండి, తర్వాతి వేళ దాకా ఆగండి. ఒక పూట చక్కెర పెరిగినా సర్దుకోవచ్చు, ఒక్కసారిగా పడిపోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఆ మర్నాడే నాన్న ఒక నోట్‌బుక్ కొని ఫ్రిజ్ పక్కన వేలాడదీశారు. ఎవరు వేశారు, ఎన్నింటికి, ఎన్ని యూనిట్లు, తిన్నదా లేదా. అన్నీ అందులో రాయాలి.

ఏడాది తిరగకుండానే కళ్లలో శుక్లాలు వచ్చాయి. షుగర్ ఉన్న కుక్కల్లో ఇది చాలా ఎక్కువని, వారాల్లోనే చూపు పోవచ్చని ముందే చెప్పారు. అయినా ఒక పొద్దున నా చేతిలోని బంతిని వదిలేసి గాలిలోకి చూస్తూ నిలబడితే తట్టుకోలేకపోయాను. కంటి ఆపరేషన్‌కు దాన్ని మళ్లీ మత్తులో పడుకోబెట్టడానికి మాకు ధైర్యం చాలలేదు. చేయించి ఉండాల్సిందని కొన్ని రోజులు అనిపిస్తుంది, కొన్ని రోజులు అనిపించదు. ఇంట్లో కుర్చీ కూడా జరపకుండా ఉంచాం. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిచేవాళ్లం. పదిహేను రోజుల్లో వాసనను బట్టి ఇల్లంతా తిరగడం నేర్చేసుకుంది.

ఆ రోజుల్లోనే ఇన్సులిన్ కథ చదివాను. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇన్సులిన్ తయారయ్యే క్లోమగ్రంథిని తీసేసిన కుక్కల మీదే దాన్ని పరీక్షించారు. మార్జొరీ అనే కుక్క ఆ మందుతో దాదాపు 70 రోజులు బతికింది. 1922 జనవరిలో చావుబతుకుల్లో ఉన్న పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇచ్చారు. అది చదివిన సాయంత్రం సూది వేస్తూ చుక్కి చెవిలో మార్జొరీ పేరు చెప్పాను. ఎందుకు చెప్పాలనిపించిందో తెలియదు, చెప్పాను.

మూడున్నరేళ్ల తర్వాత కిడ్నీలు పాడై చుక్కి పోయింది. మీకులాగే నాకూ సూదులే కలలోకి వచ్చేవి. పాత ఫోటోలు తీసి చూస్తే పరాయి కుక్కలా ఉండేది. నాలుగు నెలల తర్వాత పారేద్దామని ఆ నోట్‌బుక్ తీశాను. తీరా చూస్తే, అంకెల పక్కన ఖాళీ జాగాలో నాన్న చిన్న అక్షరాలతో ఏవేవో రాసి పెట్టారు. "212. పిల్లిని తరిమింది." "305. వాన పడుతుంటే బయటికి వెళ్లనని మొండికేసింది." "168. కళ్లు లేకపోయినా నేను వచ్చానని గేటు దగ్గరే తెలిసిపోయింది." పిల్లిని తరమడం, వానంటే గిట్టకపోవడం, గేటు దగ్గర ఎదురుచూపు, ఇవన్నీ దాని చిన్నప్పటి అలవాట్లే. నేను ఎక్కడెక్కడో వెతుకుతున్న కుక్క ఆ మూడున్నరేళ్లూ మా ఇంట్లోనే ఉంది. సూది కంగారులో నేను చూడలేదు, నాన్న చూశారు.

మీ ఇంట్లోనూ అలాంటి కాగితాలేవో ఉండే ఉంటాయి. డాక్టర్ చీటీల వెనకో, ఫోన్‌లో ఒకరికొకరు పంపుకున్న మెసేజ్‌లలోనో. "సూది వేశావా?" అన్న ప్రశ్నకు కింద ఎవరో ఏదో ఒకటి రాసి ఉంటారు. ఒక్కరే వెతక్కండి, ఇంట్లోవాళ్లతో కూర్చుని చదవండి. మేం చదివిన రోజు తమ్ముడు తను వేసిన ఆ రెండో సూది గురించి మొదటిసారి ఏడ్చాడు. అమ్మ వాడి తల నిమురుతూ పేజీలు తిప్పింది.

చివరి పేజీలో నాన్న రాసింది ఇంతే: "ఉదయం 7. తినలేదు. సూది వేయలేదు. ఎండలో పడుకుంది. పిలిస్తే తోక ఆడించింది."