కరెంటు బండి: లెక్క చూసి కొంటారా, పక్కింటాయన్ని చూసి కొంటారా?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట దగ్గర అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. ఈ ఏడాది మా బిల్డింగులోనే నలుగురు కరెంటు స్కూటర్లు కొనేసినారు, అడిగితే అందరూ పెట్రోలు ఖర్చు తప్పుతుందనే చెప్తా ఉండారు. ఇప్పుడు మా ఇంటాయన కూడా ఒకటే గోల. రోజూ రేణిగుంటకు డ్యూటీకి పోయొస్తాడు. జనం నిజంగా లెక్క చూసుకునే కొంటున్నారా, ఒకర్ని చూసి ఒకరు కొంటున్నారా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రెండూనమ్మా, కాకపోతే వరస తిరగబడి ఉంటుంది. ముందు పక్కింటాయన బండి తెస్తాడు, మనోళ్లు దాని మీద ఓ రౌండు కొట్టొస్తారు, సౌండు లేకుండా పోతా ఉంటే ముచ్చటేస్తుంది, ఆ తర్వాతే కాగితం పెన్ను బయటికి వస్తాయి.

మీ ఇంటాయన లెక్క మాత్రం గట్టిదే. రోజుకు 30 కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోలు 110 దగ్గరుంది, బండి లీటరుకు 45 ఇస్తే కిలోమీటరుకు రెండున్నర రూపాయలు పడుతుంది. అదే కరెంటు బండికి 90 కిలోమీటర్లు తిరిగే చార్జింగుకు మూడున్నర యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలేసుకున్నా కిలోమీటరుకు 30 పైసలు దాటదు. నెలకు పద్దెనిమిది వందలు పైనే మిగుల్తాయి, బండి ముప్పై నలభై వేలు ఎక్కువ పెట్టి కొన్నా రెండేళ్లలోపు తిరిగొచ్చేస్తుంది. రోజూ కూరగాయలకని ఐదు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది, ఆ మాట షోరూమోళ్లు చెప్పరు.

సబ్సిడీ కూడా జనాన్ని బాగానే కదిలిస్తుంది. 2023 జూన్ నుంచి కేంద్రం తగ్గిస్తా ఉందని తెలిసి మే నెలలో దేశమంతా ఎగబడి కొన్నారు, తర్వాతి నెలకే అమ్మకాలు సగానికి పైగా పడిపోయినాయి.

ఇక భయం సంగతి. 2022లో మన పక్కనే వేలూరులో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు అంటుకుని తండ్రీ కూతురూ పోయినారు, ఆ వార్త విని చిత్తూరు వైపు చాలామంది వెనక్కి తగ్గినారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీ రూల్స్ గట్టి చేసినారు. ఇంకోటి, అదే ఏడాది కొండకు ఆర్టీసీ కరెంటు బస్సులు మొదలైనాయి కదా, నన్నడిగితే మన ఊళ్లో ఏ ప్రకటన కంటే అదే ఎక్కువ పనిచేసింది, అంత బస్సే జనాన్నేసుకుని ఘాట్ ఎక్కుతా ఉంటే స్కూటరు ఎక్కదా అని. ఎక్కుతుందిలే, కాకపోతే చార్జింగు గబగబా తాగేస్తుంది, దిగేటప్పుడు బ్రేకు పట్టే కొద్దీ కొంచెం వెనక్కిస్తుంది.

మీ విషయంలో ఇవన్నీ పక్కన పెట్టండి, అసలు చిక్కు మూడో అంతస్తు. పైనుంచి వైరు వేలాడదీసి చార్జింగు పెట్టే వీరులు ఉన్నారు, ఆ పని మాత్రం వద్దు. బ్యాటరీ ఊడదీసి పైకి మోసుకుపోయే రకాలూ ఉన్నాయి కానీ రోజూ ఆ బరువు మోసేది ఎవరో ముందే తేల్చుకోండి. ఆ నలుగురూ సెల్లారులో ప్లగ్గు ఎవరి మీటరు నుంచి లాగినారో కనుక్కోండి. కామన్ మీటరు నుంచైతే మీది ఐదో బండి, అసోసియేషన్ మీటింగులో గొడవ మొదలయ్యేది దాంతోనే.