ఖాళీ చెక్కుపై అధ్యక్షుడి సంతకం

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రిటైర్డ్ హెడ్మాస్టర్ని. పదకొండేళ్లుగా మా కాలనీ సంఘానికి అధ్యక్షుణ్ణి, సంఘం పైసా ముట్టలేదు. కమ్యూనిటీ హాలు పని ఆగొద్దని, అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తూ ఐదు ఖాళీ చెక్కులపై సంతకం చేసి కోశాధికారికి ఇచ్చాను. తిరిగొచ్చేసరికి ఐరన్ షాపు ఆయన 4,80,000 రూపాయల చెక్కు బౌన్స్ అయిందని నా ఒక్కడి పేరునే నోటీసు పంపాడు. అందుకుని 11 రోజులైంది. బజారులో తలెత్తుకోలేకపోతున్నాను. చెక్కు ఇచ్చాక కోశాధికారి ఆయనకు లక్షన్నర పంపాడట కూడా. పాత తేదీతో రాజీనామా రాసి మినిట్స్ పుస్తకంలో ఎక్కిస్తే బయటపడతానంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ పదకొండేళ్ల సేవ, బజారులో పరువు... కోర్టు వీటిని చూడదు. ఈ కేసును తేల్చేది మీరు ‘పంపాడట’ అని దాటేసిన ఆ లక్షన్నరే.

చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరినా, ఆ సంగతి చెక్కుపై రాయకుండా మొత్తానికి బ్యాంకులో వేస్తే, చెక్కు బౌన్స్‌ను నేరంగా చూసే 138 సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో చెప్పింది. కాబట్టి రెండు తేదీలు చూడండి: డబ్బు పోయిన రోజు, చెక్కు బ్యాంకులో వేసిన రోజు. బౌన్స్ అయ్యాక పంపి ఉంటే ఈ వాదన పనికిరాదు. సంఘం ఖాతా స్టేట్‌మెంట్ బ్యాంకు ముద్రతో తీసుకోండి. ఆ లక్షన్నర పాత బిల్లుకు జమ చేసుకున్నానని షాపు ఆయన అనొచ్చు. అందుకే సలాకలు దిగినప్పటి బిల్లులన్నీ తేదీల వారీగా కావాలి. కోశాధికారి సొంత ఫోన్ నుంచి పంపితే సంఘం తరఫునే అని రుజువు చేయడం ఇంకాస్త కష్టం.

ఉత్త అధ్యక్షుణ్ణే అంటే కుదరదు. రోజువారీ వ్యవహారాలు చూడని అధ్యక్షుడిని పదవి ఒక్కటే ముద్దాయిని చేయదు, నిజమే. కానీ చెక్కుపై సంతకం మీదే. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చాక అంకెలు వేరేవాళ్లు నింపారన్నది సాకు కాదని 2019లో బీర్ సింగ్ కేసులో తేలింది. జవాబు పత్రంలో అర మార్కు కోసం మళ్లీ మళ్లీ కూడిక చూసుకునే మాస్టారు, అంకే లేని చెక్కుపై ఎలా సంతకం పెట్టారండీ?

రాజీనామా ఆలోచన మాత్రం ఈ క్షణమే మానుకోండి. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసిన కార్యవర్గం జాబితా, బ్యాంకులోని నమూనా సంతకాల కార్డు మిమ్మల్ని అధ్యక్షుడిగానే చూపిస్తాయి. చెక్కు కేసులో ఎప్పుడైనా రాజీ పడొచ్చు. పాత తేదీ కాగితం కోర్టుకెక్కితే ఫోర్జరీ కేసు మెడకు చుట్టుకుంటుంది, మినిట్స్ రాసినవాళ్లకూ.

నోటీసు అందిన నాటి నుంచి డబ్బు కట్టడానికి గడువు 15 రోజులు. ఇక నాలుగే ఉన్నాయి. ఆ తర్వాత నెలలోపు ఆయన కేసు వేయొచ్చు. రేపే కార్యవర్గాన్ని పిలవండి. బిల్లుల ప్రకారం నిజంగా బాకీ ఎంతో తేల్చి, తీర్మానం రాసి, సంఘం ఖాతా నుంచి ఆయన ఖాతాకే పంపండి. సంఘంలో డబ్బు లేకపోతే మీరు సర్దండి, కానీ అప్పుగా తీర్మానంలో రాయించుకుని. లక్షన్నర సంగతి చెబుతూ లాయర్ ద్వారా జవాబు స్పీడ్ పోస్టులో వెళ్లాలి.

ఇంకో మాట. సంఘాన్ని ముద్దాయిగా చేర్చకుండా సంతకం చేసినవాడి మీద మాత్రమే కేసు నిలవదని 2012లో అనీతా హడా తీర్పు ఉంది. ఆ పాయింటు జవాబులో పెట్టకండి. అవతలి లాయర్‌కు పాఠం చెప్పే పని మనది కాదు.

ఐదు చెక్కులన్నారు, లెక్క తేలింది ఒక్కటే. మిగతా నాలుగూ ఎవరి దగ్గరున్నాయి? కోశాధికారి దగ్గరే ఉంటే ఈ సాయంత్రమే తెచ్చుకుని అడ్డంగా గీత కొట్టండి.