వీసా గడువు ఉన్నా విద్యార్థి హోదా పోవచ్చు

ప్రశ్న: నేను నరసన్నపేటలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. రెండో సెమిస్టరులో న్యుమోనియా వచ్చి, తీసుకున్న మూడు సబ్జెక్టులలో ఒకటి వదిలేసింది. ప్రొఫెసరు ఒప్పుకున్నారు కానీ, విదేశీ విద్యార్థుల కార్యాలయానికి ముందుగా చెప్పలేదు. ఇప్పుడు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు అమెరికా ప్రభుత్వం నమోదు చేసే వ్యవస్థ) రికార్డు రద్దయిందని మెయిల్ వచ్చింది. పాస్‌పోర్టులో వీసాకు ఇంకా మూడేళ్లకు పైగా గడువుంది కనుక భయం లేదని కొందరు అంటున్నారు. ఈలోగా ఖర్చులకు హోటల్లో పని చేసుకోమనీ, క్లాసులకు వెళ్లనక్కరలేని కాలేజీకి మారిపొమ్మనీ స్నేహితులు చెబుతున్నారట. మన హైకోర్టులో కేసు వేసే వీలుందా? ఒక సబ్జెక్టు వదిలినా ఏమీ కాదని వాట్సాప్‌లో చెప్పిన శ్రీకాకుళంలోని కన్సల్టెన్సీపై చర్య తీసుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నలలో వెంటనే తేలవలసినది అమ్మాయి ఈ వారంలో ఏం చేయాలన్నదే. అది అర్థం కావాలంటే వీసా వేరు, హోదా వేరు అన్న సంగతి ముందుగా గ్రహించాలి. హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు పాస్‌పోర్టులో అంటించి ఇచ్చిన వీసా, ఆ దేశపు విమానాశ్రయంలో దిగి ప్రవేశం కోరడానికి పనికివచ్చే పత్రం మాత్రమే. లోపలికి వెళ్లిన తరువాత ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. అమ్మాయిని అది తెరిచి చూడమనండి. గడువు తేదీ ఉండవలసిన చోట ‘డి/ఎస్’ అని ఉంటే, ఎఫ్-1 విద్యార్థిగా, అంటే చదువు కోసం వచ్చిన వ్యక్తిగా, నిబంధనలు పాటించినంత కాలమే ఉండవచ్చునని దాని భావం. అలా ఉండే హక్కునే హోదా అంటారు. ఈ పద్ధతిని తీసివేసి నిర్ణీత గడువు పెట్టాలని అక్కడి ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రతిపాదించింది కాబట్టి, సీనియర్ల కాగితాలను కాకుండా తన ఐ-94నే ప్రమాణంగా తీసుకోవాలి. ఏది ఏమైనా, సెవిస్ రికార్డు రద్దయిన విద్యార్థికి పాస్‌పోర్టులోని వీసా గడువు రక్షణ ఇవ్వదు.

ఎఫ్-1 విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ పూర్తి కోర్సు చదవాలి. డిగ్రీ స్థాయిలో అది కనీసం 12 క్రెడిట్లు; ఎం.ఎస్. స్థాయిలో ఎంతన్నది విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది, చాలాచోట్ల 9 క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు. వాటిలో ఆన్‌లైన్ తరగతి ఒక్కటి మాత్రమే లెక్కలోకి వస్తుంది. జబ్బుపడితే ఈ భారం తగ్గించుకునే అవకాశాన్ని చట్టమే ఇచ్చింది. వైద్యుని లేఖ ఉంటే, ఒక్కో చదువు స్థాయిలో, అంటే ఎం.ఎస్. చదువు అంతటిలో, మొత్తం 12 నెలలకు మించకుండా, సబ్జెక్టులు తగ్గించుకోవడానికే కాదు, అవసరమైతే పూర్తిగా ఆపుకోవడానికి కూడా అనుమతి దొరుకుతుంది. అయితే ఆ అనుమతి ఇవ్వవలసినది డీఎస్‌వో అనే, విదేశీ విద్యార్థుల కార్యాలయంలోని నియమిత అధికారి. అదీ సబ్జెక్టు వదలడానికి ముందే ఇవ్వాలి. ప్రొఫెసరు సంతకం చదువుకు సంబంధించిన లెక్కకు చెల్లుతుంది గానీ, ఇమ్మిగ్రేషన్ లెక్కకు చెల్లదు. మీ అమ్మాయికి కారణం ఉంది, ఆధారం ఉంది, అడిగితే దొరికే అనుమతీ ఉంది. అడగకపోవడం ఒక్కటే లోపం. ఈ మాట మళ్లీ ఎందుకు చెబుతున్నానంటే, ఆమెకు మిగిలిన దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ముందుగా ఆమె డీఎస్‌వోను నేరుగా కలిసి, రికార్డు ఏ కారణంతో, ఏ తేదీతో రద్దయిందో లిఖితపూర్వకంగా తీసుకోవాలి. కార్యాలయం వైపు పొరపాటు జరిగి ఉంటే సెవిస్‌లోనే సవరణ కోరవచ్చు. అలా కాకపోతే హోదా పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. డీఎస్‌వో సిఫారసుతో కొత్త ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి అర్హత పత్రం) తీసుకుని, ఐ-539 ఫారంతో కలిపి అమెరికా పౌరసత్వ, ఇమ్మిగ్రేషన్ సేవల సంస్థకు పంపాలి. దరఖాస్తు వేసే నాటికి హోదా పోయి ఐదు నెలలు దాటి ఉండకూడదు. దాటితే అసాధారణ కారణాలు చూపవలసి వస్తుంది. ఈ ఐదు నెలలను మెయిల్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకోవద్దు. సబ్జెక్టు వదిలిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. నిబంధనలను పదేపదే గానీ, కావాలని గానీ ఉల్లంఘించి ఉండకూడదు, పూర్తి కోర్సు చదువుతూ ఉండాలి లేదా వెంటనే చేరడానికి సిద్ధంగా ఉండాలి, అనుమతి లేని ఉద్యోగం చేసి ఉండకూడదు. వీటికి తోడు, జరిగిన లోపం తన చేతిలో లేని కారణం వల్ల అయినా జరిగి ఉండాలి. లేదా డీఎస్‌వో అనుమతించగలిగిన కోర్సు తగ్గింపుకు సంబంధించినదై, పునరుద్ధరించకపోతే విద్యార్థికి తీవ్రమైన కష్టం కలుగుతుందని అయినా చూపాలి. తీవ్రమైన అనారోగ్యాన్ని మొదటి దాని కింద నిబంధనే ఉదాహరణగా చెబుతోంది. ముందు అనుమతి అడగలేదన్న లోపాన్ని రెండోది కప్పుతుంది. కాబట్టి వినతిలో రెండింటినీ చెప్పుకోవాలి.

ఇలాంటి దరఖాస్తు నిలబడేదీ, పడిపోయేదీ చాలావరకు వైద్యుని లేఖ మీదే. ‘అస్వస్థతతో బాధపడింది’ అన్న ఒక్క వాక్యం సరిపోదు. చికిత్స చేసిన వైద్యుడు జబ్బు పేరు, ఎక్స్‌రేలో కనిపించినది, చికిత్స మొదలైన తేదీ, ఎన్నాళ్లు తరగతికి వెళ్లలేని స్థితిలో ఉన్నదీ, ఇప్పుడు పూర్తి కోర్సు చదవగలదా అన్నదీ రాయాలి. ఆ తేదీలు సబ్జెక్టు వదిలిన తేదీతో సరిపోలాలి. అమ్మాయి రాసుకునే వినతిలో కూడా జరిగింది జరిగినట్టే ఉండాలి. నియమం తెలియక అడగలేదంటే, తెలియక అడగలేదనే రాయాలి. అనుమతి అడిగాననీ, వారే ఇవ్వలేదనీ కల్పించి రాస్తే, రేపు వీసా అధికారి ముందు ఆ అబద్ధమే అసలు తప్పుకంటే పెద్దదవుతుంది.

హోటల్లో పని చేయమన్న స్నేహితుల సలహాను దయచేసి అమ్మాయిని పాటించనీయకండి. హోదా ఉన్న రోజుల్లోనే విద్యార్థి ప్రాంగణంలో, తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. బయట పనికి వేరే అనుమతి కావాలి. హోదా లేని రోజుల్లో ప్రాంగణంలోని ఉద్యోగం కూడా మానుకోవలసిందే. చేతికి నగదు ఇచ్చినా, తెలిసినవారి దుకాణమైనా అది అనుమతి లేని ఉద్యోగమే అవుతుంది, పునరుద్ధరణకు తలుపు మూసుకుపోతుంది. ఈ కొద్ది నెలల ఖర్చుకు మీరు ఇక్కడ అప్పు చేయవలసి వచ్చినా అదే మేలని నా అభిప్రాయం.

హాజరు అక్కరలేని కాలేజీ గురించి: మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి 2019 జనవరిలో బయటపడింది. తరగతులూ అధ్యాపకులూ లేని ఆ సంస్థను అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే ఏర్పాటు చేశారు. అందులో పేరు నమోదు చేసుకుని అరెస్టయిన వారిలో దాదాపు అందరూ భారతీయులే, వారిలో తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు కొందరు మన విద్యార్థుల కాళ్లకు నిఘా పరికరాలు తొడిగారు. కాలేజీ మారడం తప్పు కాదు. చదువు లేని కాలేజీకి మారడం తప్పు.

పునరుద్ధరణ కాక మరో దారి కూడా ఉంది. దేశం విడిచి వచ్చి, కొత్త ఐ-20 తీసుకుని, 350 డాలర్ల సెవిస్ రుసుము మళ్లీ కట్టి, కొత్తగా ప్రవేశం కోరడం. పాత వీసా మీద భరోసా పెట్టుకోకుండా కొత్త వీసాకు సిద్ధపడాలి. అప్పుడు శిక్షణ ఉద్యోగాలకు అర్హత రావడానికి కావలసిన ఒక విద్యా సంవత్సరం మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. మీ అమ్మాయి కేసులో ఆధారాలు బలంగా ఉన్నాయి కాబట్టి మొదటి దారినే నేను సూచిస్తాను. కానీ పునరుద్ధరణ తిరస్కరిస్తే అప్పీలు లేదు. ఆ మరునాటి నుంచి అక్కడ ఉండటం అక్రమ నివాసంగా లెక్కకు వస్తుంది. అది 180 రోజులు దాటిన తరువాత దేశం విడిచిన వారికి మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి ప్రవేశం ఉండదు. నేను ఇక్కడి న్యాయవాదిని. దరఖాస్తు పంపే ముందు అమెరికాలో లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి ఒకసారి చూపించడం తప్పనిసరి. కొన్ని విశ్వవిద్యాలయాలలో విద్యార్థులకు న్యాయ సహాయ విభాగం ఉంటుంది, ముందు అక్కడ అడగమనండి.

ఇక్కడి నుంచి మీరు చేయగలిగినది కాగితాలు సిద్ధం చేయడం. పింఛను పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంటు, విద్యారుణం మంజూరు పత్రం, మిగిలిన వాయిదాలు విడుదల చేస్తామని బ్యాంకు మేనేజరు ఇచ్చే లేఖ పంపండి. చదువు మధ్యలో ఆగితే ఆ అప్పు ఎలా తీర్చవలసి వస్తుందో మీరు రాసి ఇచ్చే అఫిడవిట్ తీవ్ర కష్టానికి ఆధారంగా పనికివస్తుంది. పట్టాదారు పాసు పుస్తకం వంటి తెలుగు పత్రాలకు ఇంగ్లీషు అనువాదం, అనువాదకుని ధ్రువీకరణ జతచేయాలి.

హైకోర్టు విషయం క్లుప్తంగా చెబుతాను. అమెరికా ప్రభుత్వ శాఖ నిర్ణయంపై అమరావతిలోని మన హైకోర్టుకు అధికారం లేదు, ఆ రిట్‌కు డబ్బు ఖర్చు చేయవద్దు. కన్సల్టెన్సీపై మాత్రం శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రుసుము తీసుకుని ఇచ్చిన సేవలో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వర్తిస్తుంది, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఆ సలహా వీసా రాకముందు కట్టిన రుసుములో భాగమా, స్నేహంగా చెప్పిన మాటా అన్నది వారు తప్పక లేవనెత్తుతారు. అందుకే రుసుము రసీదు ముఖ్యం. వాట్సాప్ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకుండా, అది వచ్చిన ఫోనునే భద్రపరచండి. ఆ ఫోను మార్చవద్దు, సందేశం చెరిపివేయవద్దు. దాన్ని సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వవలసి ఉంటుంది. ఈ ఫిర్యాదుకు వ్యవధి ఉంది కనుక, ఐ-539 వెళ్లిన తరువాతే మొదలుపెట్టండి.