స్నోక్వాల్మీయా, నార్త్ బెండా?

సియాటెల్‌కు తూర్పున, ఐ-90 రోడ్డు మీద ఈ రెండు ఊళ్లూ పక్కపక్కనే ఉంటాయి. బెల్వ్యూలోనో రెడ్మండ్‌లోనో ఉద్యోగం వచ్చి, అక్కడి ఇళ్ల ధరలకు జంకిన తెలుగు కుటుంబాలు ఇటు చూస్తుంటాయి. జులైలో ఓ ఆదివారం వచ్చి, 4,167 అడుగుల మౌంట్ సై కొండ ఎదురుగా నిలబడితే ఏ ఇల్లయినా నచ్చేస్తుంది. ఈ ఊళ్ల మధ్య అసలు తేడా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే తెలుస్తుంది. అందుకే వీలైతే ఒక చలికాలం అద్దెకుండి చూసి, ఆ తర్వాతే కొనండి.

ముందొక సంగతి. స్నోక్వాల్మీ అంటే నిజానికి రెండు ఊళ్లు. నది ఒడ్డున రైల్వే మ్యూజియం ఉన్నది పాత ఊరు. దానికన్నా నాలుగైదు వందల అడుగుల ఎత్తున, 1990ల చివరి నుంచి ఒక పథకం ప్రకారం కట్టుకుంటూ వచ్చింది స్నోక్వాల్మీ రిడ్జ్. మనవాళ్లు ఎక్కువగా ఉండేది రిడ్జ్‌లోనే. ప్రకటనలో స్నోక్వాల్మీ అని కనపడగానే అది రిడ్జో, పాత ఊరో చూసుకోండి.

ఎందుకంటే స్నోక్వాల్మీ నది మూడు పాయలూ ఈ రెండు ఊళ్ల మధ్యే కలుస్తాయి. వెచ్చటి వాన పడి కొండమీది మంచు ఒక్కసారిగా కరిగితే, ఆ నీరంతా పాత ఊరి మీదికే వస్తుంది. 1990 నవంబరులోనూ, 2009 జనవరిలోనూ వచ్చిన వరదల గురించి ఇక్కడివాళ్లు ఇంకా చెప్పుకుంటారు. కొత్త మౌంట్ సై హైస్కూలును నేలకు ఎత్తుగా స్తంభాల మీద కట్టడానికి కారణం అదే. రిడ్జ్‌కు ఈ బాధ లేదు. నార్త్ బెండ్‌లో వీధిని బట్టి ఉంటుంది: దక్షిణ పాయ, మధ్య పాయ ఒడ్డు ఇళ్లు కొన్ని వరద పరిధిలోకి వస్తాయి, నాలుగు వీధులు అవతల ఏ ఇబ్బందీ ఉండదు.

ఇల్లు నచ్చగానే ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) వరద పటంలో ఆ చిరునామా కొట్టి చూడండి. ఏఈ జోన్, అంటే వరద ముప్పు ఎక్కువున్న చోటు, అని వస్తే లోన్ ఇచ్చే బ్యాంకు వరద బీమా తప్పనిసరి చేస్తుంది. మామూలు ఇంటి బీమాలో వరద నష్టం రాదు. జాతీయ వరద బీమా పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు. లోన్‌తో పాటు తీసుకుంటే వెంటనే అమలవుతుంది, విడిగా తీసుకుంటే 30 రోజులు ఆగాలి. మబ్బు చూసి కొంటే పనికిరాదు. అద్దెకున్నవాళ్లు కూడా సామాను వరకు తీసుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు. ఈ ఊళ్లుండే కింగ్ కౌంటీ ఇచ్చే వరద హెచ్చరికలకు ఫోన్ నమోదు చేసుకోండి. అవి నాలుగు దశల్లో వస్తాయి. మూడో దశ అన్నారంటే ఫాల్ సిటీ మీదుగా రెడ్మండ్ వెళ్లే దారి నమ్ముకోకుండా ఐ-90 పట్టాలి.

వరద పాత స్నోక్వాల్మీకి గండమైతే, గాలి నార్త్ బెండ్‌కు. కాస్కేడ్ కొండల తూర్పున పేరుకున్న చల్లగాలి స్నోక్వాల్మీ కనుమ సందులోంచి దూసుకొస్తుంది. ఆ సందు మూతి దగ్గరే నార్త్ బెండ్ ఉంది. ఈ తూర్పుగాలి మామూలు తుఫాను గాలికి ఎదురు దిక్కున వీస్తుంది కాబట్టి అటు అలవాటులేని చెట్లు వేళ్లతో లేస్తాయి. 2024 నవంబరు 19 రాత్రి గాలికి ఈ చుట్టుపక్కల చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. రిడ్జ్ లోపల తీగలు భూమిలో ఉన్నాయి, కానీ రిడ్జ్‌కు వచ్చే పెద్ద లైన్లు చెట్ల మధ్య నుంచే వస్తాయి. కాబట్టి అక్కడా కరెంటు పోతుంది, కాకపోతే తక్కువసార్లు. ఎక్కడున్నా గ్యాస్ పొయ్యి, గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉన్న ఇల్లు మేలు. జనరేటర్ పెట్టుకుంటే ఇంటికి 20 అడుగుల దూరంలో, బయటే నడపాలి. గరాజ్ తలుపు తీసిపెట్టి లోపల నడిపినా విషవాయువు ఇంట్లోకి వస్తుంది. బొగ్గుల కుంపటి లోపలికి అసలే తేకూడదు.

ఇల్లు చూసేటప్పుడు దాని ఎత్తుకన్నా పొడవైన ఫర్ చెట్లు ఎన్ని ఉన్నాయో, అవి తూర్పున ఉన్నాయా అని లెక్కపెట్టండి. అనుమానం ఉంటే సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్‌కు (చెట్ల నిపుణుడికి) చూపించండి. అనుమతి లేకుండా చెట్టు కొట్టేయకండి.

ఎండ సంగతి మనవాళ్లు అడగరు, అడగాల్సిందే. నార్త్ బెండ్‌కు దక్షిణాన రాటిల్‌స్నేక్ రిడ్జ్ అడ్డం. డిసెంబరులో సూర్యుడు తక్కువ ఎత్తులో నడుస్తాడు గనుక దాని నీడలో పడ్డ వీధులకు ఎండ సరిగా తగలదు. కప్పు మీద నాచు, క్రాల్‌స్పేస్‌లో (ఇంటి అడుగున నేలకూ ఫ్లోరుకూ మధ్య ఖాళీలో) చెమ్మ ఆ ఇళ్లలోనే ఎక్కువ. ఏ ఇల్లయినా డిసెంబరు మధ్యాహ్నం ఒకసారి చూడండి. పెరట్లో గోంగూర, టమాటా వేసుకోవాలనుకుంటే ఇది ఇంకా ముఖ్యం. కరివేపాకు మొక్క మాత్రం ఎక్కడైనా అక్టోబరు నుంచి ఇంట్లో కిటికీ పక్కనే.

ఇళ్ల వయసులో కూడా తేడా ఉంది. నీటి హక్కుల సమస్యతో నార్త్ బెండ్‌లో 1999 నుంచి 2009 దాకా కొత్త ఇళ్లకు అనుమతులు ఆపేశారు. అందుకే అక్కడ ఇళ్లు ఎక్కువగా పాతవో, ఈమధ్యవో. 1978-95 మధ్య కట్టినదైతే పాలీబ్యూటిలీన్ పైపులు (పగిలిపోయే రకం పాత ప్లాస్టిక్ నీటి పైపులు) ఉన్నాయేమో చూడమని ఇన్‌స్పెక్టర్‌కు ప్రత్యేకంగా చెప్పండి. రిడ్జ్‌లో తొలి ఇళ్లకు పాతికేళ్లు దాటాయి. కప్పు మార్చారా, ఎప్పుడు అని అడగండి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు, రిజర్వు నిధి, రాబోయే ప్రత్యేక వసూళ్లు రాతపూర్వకంగా తీసుకోండి.

నార్త్ బెండ్ చిరునామా ఉండి నగర పరిధికి బయట ఉన్న ఇల్లు చవకగా కనపడుతుంది. అక్కడ సెప్టిక్ ట్యాంకు, కొన్నిచోట్ల సొంత బావి ఉంటాయి. అమ్మేముందు సెప్టిక్ తనిఖీ కౌంటీ నియమం. ఆ నివేదిక చదవకుండా సంతకం పెట్టకండి. సాదా ట్యాంకును మూడేళ్లకోసారి, పంపు ఉన్నదాన్ని ఏటా చూపించాలి. మన వంటకు ఇందులో మెళకువ ఉంది: వేయించిన నూనె, గంజి, పిండి కడిగిన నీళ్లు సింకులో పోస్తే పైన జిడ్డు తెట్టె కట్టి, ఇంకుడు గొట్టాలు పూడుకుపోతాయి. నూనె డబ్బాలో పోసి చెత్తలో వేయండి. సింకు గ్రైండర్ వాడకండి. ఇంటర్నెట్ కూడా అదే చిరునామాకు వస్తుందో లేదో ముందే కనుక్కోండి.

బడి కోసం ఒక ఊరు ఎంచుకోనక్కర్లేదు. రెండూ స్నోక్వాల్మీ వ్యాలీ స్కూల్ డిస్ట్రిక్ట్‌వే, హైస్కూలూ ఒకటే. ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్లు మాత్రం చిరునామాను బట్టి మారతాయి.

రాకపోకల్లో రిడ్జ్ ఎగ్జిట్ 25, నార్త్ బెండ్ 31. ఎగ్జిట్ నంబర్లు మైళ్లే కాబట్టి నార్త్ బెండ్ నుంచి పోను ఆరు మైళ్లు, రాను ఆరు మైళ్లు ఎక్కువ. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుదాకా ఒకసారి నడిపి చూడండి. కనుమ మూసేసిన రోజున తూర్పు వైపు వాహనాలను నార్త్ బెండ్ దాటగానే మైలు 34 దగ్గర ఆపుతారు. లారీలు ఊరంతా నిలిచిపోతాయి. వేసవి శని ఆదివారాల్లో కొండెక్కేవాళ్ల కార్లతో అవే ఎగ్జిట్లు కిక్కిరుస్తాయి. 208 బస్సు రెండు ఊళ్లనూ ఇసక్వాతో కలుపుతుంది కానీ చాలా తక్కువసార్లు తిరుగుతుంది.

రాత్రుళ్లు ఎల్క్ దుప్పులు మందలుగా రోడ్డు దాటుతాయి. అవి కారుకు తగిలితే లయబిలిటీ బీమా (ఎదుటివారి నష్టానికే వర్తించేది) ఏమీ ఇవ్వదు, కాంప్రిహెన్సివ్ బీమా కావాలి. ఎలుగుబంట్లు రెండు ఊళ్లలోనూ తిరుగుతాయి. చెత్తబుట్ట ముందురోజు రాత్రి బయట పెట్టకండి, తీసుకెళ్లే రోజు పొద్దునే పెట్టండి.

కొత్తగా వచ్చి, ఒకే కారుండి, ఇంట్లో మరొకరు ఇంకా డ్రైవింగ్ నేర్చుకోకపోతే రిడ్జే తీసుకోండి. ఫుట్‌పాత్‌లు, పార్కులు, ఆసుపత్రి దగ్గర్లోనే ఉంటాయి, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు తమంతట తాము నడిచి రాగలరు. కాన్పుకు మాత్రం ఇసక్వాకో బెల్వ్యూకో వెళ్లాలి. రెండు కార్లుండి, వారంలో ఒకటి రెండు రోజులే ఆఫీసైతే, నది ఒడ్డు కాని, ఎండ తగిలే వీధిలో, సీవర్ (మురుగునీటి) లైను ఉన్న నార్త్ బెండ్ ఇల్లు వెతకండి. సేఫ్‌వే, క్యూఎఫ్‌సీ ఊళ్లోనే ఉన్నాయి. కందిపప్పు, ఇడ్లీ రవ్వలకు ఏ ఊరినుంచైనా ఇసక్వా, బెల్వ్యూ వైపు దిగక తప్పదు, గుడికి సమామిష్‌కో బోథెల్‌కో.