ఎడమకాలు వెతుక్కునే స్విచ్

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. తండ్రి పోయాక కొడుకు అంబాసిడర్ అమ్మేయడం, ఆ తర్వాత లోలోపల కుమిలిపోవడం మంచి కథావస్తువే. కానీ పద్నాలుగు పేజీల్లో "గుండె బరువెక్కింది" అన్న మాట ఏడుచోట్ల ఉంది. కారు మాత్రం ఒక్కసారి కూడా స్టార్ట్ అవలేదు.

చిక్కంతా అక్కడే ఉంది. అమ్ముకున్నవాడి బాధ మనకి అందాలంటే, ముందు ఆ బండితో అతను ఎలా వేగాడో తెలియాలి. కాబట్టి బాధ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టు. బండి గురించి రాయి.

ముందు అది ఏ బండో తేల్చుకో. "పాత అంబాసిడర్" అంటే చాలదు. ఆ కారు 1950ల చివర్నుంచి 2014 మే దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైంది. నీ కథలో తండ్రి 1984లో కొన్నాడు కాబట్టి అది మార్క్ 4. పెట్రోలు బండి అనుకుంటే 1489 సీసీ ఇంజను. డీజిల్ అయితే నువ్వు రాసిన స్పార్కు ప్లగ్గులూ, వాటికి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లూ ఏవీ ఉండవు, ఆ పేజీ కొట్టెయ్యాలి. మూడో పేజీలో "పక్కనున్న గేరు రాడ్డును కసిగా వెనక్కి లాగాడు" అన్నావు. మార్క్ 4లో గేరు రాడ్డు పక్కన ఉండదు, స్టీరింగ్ కింద ఎడమచేతి వైపు ఉంటుంది. కింద గేరు వచ్చింది 1990ల్లో, ఇసుజు ఇంజను పెట్టిన అంబాసిడర్ 1800 మోడల్లో. "తోలు సీట్ల వాసన" అన్నావు. అవి రెక్సిన్ సీట్లు. ఎండలో నిలబెట్టిన బండిలో రెక్సిన్ వాసన ఎలా ఉంటుందో ఎవర్నయినా అడుగు, రెండు వాక్యాలు ఉచితంగా దొరుకుతాయి.

ఇవి మెకానిక్కు పట్టుకునే తప్పులని కొట్టిపారెయ్యకు. కథ వీటిలోంచే పుడుతుంది. ఆ బండి మొదటి గేరుకి సింక్రో లేదు, అంటే కదిలే బండిలో గేరు పళ్ల వేగం కలిపే ఏర్పాటు లేదు. చక్రం కదులుతుండగా ఫస్టు వేస్తే పళ్లు గరగరలాడతాయి. కాలవ గట్టు మీదికి ఎక్కేటప్పుడు పూర్తిగా ఆపి, ఫస్టు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. పద్దెనిమిదేళ్ల కొడుకు తొందరపడి కదిలే బండికి ఫస్టు వేశాడు. గరగర. పక్కన తండ్రి ఏమీ అనలేదు, కిటికీలోంచి వరిచేల వైపు చూశాడు. తండ్రి మీద నువ్వు రాసిన పేజీన్నర వర్ణన బదులు ఈ నాలుగు లైన్లు పెట్టి చూడు.

ఇంకోటి, ఆ పెట్రోలు బండ్లకి ఎండాకాలం రోగం ఒకటుంది. మే నెలలో, మధ్యాహ్నం పూట, రావులపాలెం సెంటర్లో లారీల వెనక పావుగంట నిలబడితే ఇంజను వేడికి పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరవుతుంది. పంపు లాగేది ఆవిరిని, కార్బురేటర్‌కి చుక్క అందదు. బండి రెండుసార్లు ఉలిక్కిపడి ఆగిపోతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా బ్యాటరీ దిగడమే తప్ప లాభం లేదు. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, పది నిమిషాలు ఊరుకోవాలి. అందుకే ఆ తండ్రి డిక్కీలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా, పాత తువ్వాలు ఉండాలి. ఆ తువ్వాలు గుర్తుపెట్టుకో, దాంతో పనుంది.

ఇక అమ్మకం. "డబ్బు అవసరం పడింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. డెల్టాలో డబ్బు అవసరానికి ఏడాదీ పంటా ఉంటాయి. నీ కథ 2011లో జరుగుతోంది. ఆ సంవత్సరం కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా నాట్లు వెయ్యలేదు. అంతకన్నా నికరమైన కారణం ఎక్కడ దొరుకుతుంది? అదే భీమవరం వైపు రొయ్యల చెరువుల కుటుంబమైతే 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు పడ్డ రోజులకి కథని వెనక్కి జరపాలి. ఏదో ఒకటి తీసుకో, రెండూ కలపకు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే నీ కథకి అదే వరం కూడా. తండ్రి పోయిన నెలకే కొడుకు ఎవరికో బండి అమ్మేసి తాళాలు చేతిలో పెట్టాడు. అలా కుదరదు. ఆర్సీ ఇంకా తండ్రి పేరు మీదే ఉంది. ముందు వారసుడి పేరు మీదికి మార్చుకోవాలి, దానికి ఫారం 31. మరణ ధృవపత్రం జత చెయ్యాలి, మిగతా వారసులకి అభ్యంతరం లేదని కాగితం కావాలి. ఆ తర్వాతే కొన్నవాడి పేరు మీదికి ఫారం 29, ఫారం 30. అంటే నీ హీరో తన అక్క దగ్గరికి వెళ్లి సంతకం అడగాలి! నువ్వు అక్కని రెండో పేజీలో పాలకొల్లు అత్తారింటికి పంపేసి మర్చిపోయావు. ఆవిణ్ణి వెనక్కి పిలు. కాగితం టేబుల్ మీద పెట్టాడు. అక్క చదవలేదు. పెన్ను తీసుకుంది. "వెనకాల ఎడమ తలుపు ఇప్పటికీ రెండుసార్లు వేస్తేనే పడుతోందా?" అని అడిగి సంతకం పెట్టింది. "ఆ" అన్నాడు తమ్ముడు. కథలో బాధ మొదలవాల్సింది ఇక్కడ, బండి ఇంకా ఇంటి ముందే ఉండగా.

కొనేవాడు వచ్చే సీను నువ్వు ఆరు లైన్లలో ముగించావు. దీనికి మూడు పేజీలివ్వు. కొనేవాడు ఒంటరిగా రాడు, మెకానిక్కుని వెంటబెట్టుకొస్తాడు. ఆ మెకానిక్కు రంగు చూడడు. కాళ్ల దగ్గర మ్యాట్లు ఎత్తి కింద రేకు తడుముతాడు. తలుపుల కింద అంచు బొటనవేలితో నొక్కుతాడు. డిక్కీలో స్టెపినీ తీయించి దాని కింద తుప్పు చూస్తాడు. గుడ్డలో చుట్టిన అయస్కాంతం బాడీ మీద జరుపుకుంటూ పోతాడు. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. ఆయిల్ మూత తీసి పొగ వస్తోందేమో చూస్తాడు, సైలెన్సర్ దగ్గర నీలం పొగ కనిపిస్తే రింగులు అరిగాయంటాడు. వీటన్నిటికన్నా ముందు, ఇంటి గేటు దాటగానే, ఇంకా ఎవరూ ఏమీ మాట్లాడకముందే, బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా ఉంటే ఓనరు పొద్దున్నే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను ఎన్ని సెల్ఫులకి అందుకుంటుందో దాచాలని చూశాడు. నీ హీరో ఆ పని చేసి ఉండాలి. మెకానిక్కు చెయ్యి తీసి, కొనేవాడి వైపు ఒక్క చూపు చూస్తాడు. బేరం అక్కడే అయిదు వేలు దిగుతుంది. తండ్రి బండిని అబద్ధంతో అమ్మబోయి దొరికిపోయిన సిగ్గు ఉంది చూశావా, అది పదేళ్లు నిలుస్తుంది. ధర అంకెల్లో రాయి. "కొంత మొత్తానికి" అంటే పాఠకుడికి ఏమీ అమ్మినట్టుండదు.

1986 ఆగస్టు వరదలో ఆ బండి సీట్ల దాకా నీళ్లలో ఉందని రాశావు, బాగుంది. దాని ఫలితం కూడా రాయాలిగా. నీళ్లు తీస్తాయి, ఒండ్రు తీయదు. తలుపుల కింద గుల్లగా ఉండే పెట్టెల్లో చేరి ఏళ్ల తరబడి చెమ్మ పట్టి ఉంచుతుంది, రేకు లోపల్నుంచి తింటుంది. మెకానిక్కు స్క్రూడ్రైవర్‌తో అక్కడ పొడిస్తే తుప్పుతో పాటు పాతికేళ్ల నాటి గోదావరి మట్టి పొడిగా రాలుతుంది. ఆ మట్టి చూసి కొనేవాడు మరో రెండు వేలు తగ్గించమంటాడు. నీ హీరో ఏం చేస్తాడో నువ్వు ఆలోచించు.

బండి వెళ్లిపోయే సీను. సఖినేటిపల్లి నుంచి "బ్రిడ్జి దాటి నరసాపురం వైపు దూసుకుపోయింది" అన్నావు. ఆ రేవులో బ్రిడ్జి లేదయ్యా, బళ్లని ఏరు దాటించే పంటు ఉంది. చించినాడ బ్రిడ్జి చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా పంటు ఎక్కాలి. పంటే ఎక్కించు. రోడ్డు మీద వెళ్లే కారు అర నిమిషంలో మలుపు తిరిగి మాయమవుతుంది. పంటు మీద కారు అలా పోదు. మోటారు సైకిళ్లూ సైకిళ్లూ కొబ్బరికాయల బస్తాల మధ్య, చక్రం కింద చెక్కముక్క పెట్టుకుని, నిలబడ్డట్టే నిలబడి వశిష్ఠ గోదావరి మీద మెల్లగా చిన్నదవుతుంది. గట్టు మీద నిలబడ్డవాడికి వెనక్కి పిలవడానికి కావలసినంత టైముంటుంది. అయినా పిలవడు. ఇక్కడ ఒక్క విశేషణం కూడా వాడకు.

ఇప్పుడు అమ్మేసిన తర్వాత. నువ్వు హీరో చేత ఖాళీ షెడ్డు ముందు ఏడిపించావు. ఏడుపు తీసెయ్. ఆ కాలపు అంబాసిడర్లలో లైట్లు డిమ్ చేసే స్విచ్ స్టీరింగ్ దగ్గర ఉండేది కాదు, కింద క్లచ్ పక్కన ఉండేది. ఎదురుగా లారీ వస్తే ఎడమకాలితో తొక్కాలి. హీరో కొత్తగా చిన్న కారు కొన్నాడనుకో. రాత్రిపూట రాజోలు నుంచి వస్తున్నాడు. ఎదురుగా లారీ. ఎడమకాలు దానంతటదే కదిలి, కింద ఖాళీ మ్యాట్ మీద టక్కుమని తొక్కింది. ఏమీ అవలేదు. లారీవాడు హారన్ కొట్టాడు. అప్పుడు చెయ్యి గుర్తొచ్చి లైటు దించాడు. ఇది రెండేళ్ల తర్వాత కూడా జరుగుతుంది. విచారం అంటే ఆ కాలే. అలాంటిది ఒకటి ఉంటే, "అతను ఆ కారుని మరచిపోలేకపోయాడు" అన్న వాక్యం నీకు అక్కర్లేదు.

తువ్వాలు గుర్తుపెట్టుకోమన్నాను. వచ్చే మే నెలలో ఒక మధ్యాహ్నం కొన్నవాడు ఫోన్ చేస్తాడు. "ఏవండీ, బండి ఆగిపోయిందండి, ఎంత కొట్టినా అందుకోవట్లేదండి." హీరో పంపు ఎక్కడుందో, గుడ్డ ఎలా మడవాలో, ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్తాడు. డిక్కీలో కుడివైపు మూల తువ్వాలు ఉంటుందని చెప్తాడు. అవతలివాడికి పని అయిపోయింది. ఇతను మాత్రం ఇంకా చెప్తూనే ఉంటాడు. తడి ఆరకుండా చూడమని, చోక్ లాగొద్దని, ఎడమ తలుపు సంగతి. అవతల లైను ఎప్పుడో కట్టయింది.

చివర్లో హీరో తుక్కు యార్డులో ఆ బండిని చూసి బానెట్‌ని కౌగిలించుకున్నాడు. నాకు రుచించలేదు, కానీ కథ నీది. తిరిగి కొనిపించే ఉద్దేశముంటే మాత్రం "సెల్ఫ్ కొట్టగానే ఇంజను పలికింది" అని రాయకు. ఎనిమిదేళ్లు నిలబడిపోయిన బండి పలకదు. ట్యాంకులో పెట్రోలు జిగురైపోతుంది. బ్రేకు లైనర్లు డ్రమ్ములకి అంటుకుపోతాయి. వైరింగు ఎలకలు కొరికేస్తాయి. ముందు నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజను ఆయిలు పోసి రాత్రంతా వదిలెయ్యాలి. మర్నాడు ముందు నుంచి హ్యాండిల్ వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. కదలకపోతే బలం పెట్టకూడదు, రింగులు విరుగుతాయి. కదిలితే ట్యాంకు దించి కడగాలి, రబ్బరు పైపులూ పంపు డయాఫ్రం మార్చాలి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత రబ్బర్ని తినేస్తుంది. పాయింట్లు ఎమరీ కాగితంతో రుద్ది, 15 థౌ గ్యాప్ పెట్టాలి, అంటే అంగుళంలో పదిహేను వెయ్యో వంతులు, దాదాపు మిల్లీమీటర్లో నాలుగు పదో వంతులు. నాలుగు లీటర్ల కొత్త ఆయిలు పోయాలి. అప్పుడు డబ్బాలోంచి ఒక లీటరు తాజా పెట్రోలు. ఇదంతా మూడు రోజుల పని, మధ్యలో అక్క వచ్చి పీట వేసుకుని కూర్చోడానికి కావలసినంత వ్యవధి. కౌగిలి కన్నా ఇది మేలు కాదంటావా?

చిన్నవి కొన్ని. 2011లో కోనసీమ జిల్లా లేదు. అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది, నీ కథలో తూర్పు గోదావరే ఉండాలి. బండి నెంబరు ఏపీ 39 అని వేశావు, ఆ సిరీస్ 2019లో మొదలైంది. 1984 నాటి బండికి ఏపీ 5 కూడా కుదరదు, ఆ పద్ధతి వచ్చిందే 1989లో. నెంబరు అసలు రాయకపోవడం క్షేమం. అంబాసిడర్ల తయారీ ఆగిపోయిన వార్తని హీరో పేపర్లో చదివి కన్నీళ్లు పెట్టుకున్నాడన్నావు. అది పేపరువాళ్ల విచారం. ఉంచాలనుకుంటే టీ కొట్టు దగ్గర నలుగురూ దాని గురించే మాట్లాడుకుంటుంటే ఇతను డబ్బులిచ్చి లేచిపోయినట్టు రాయి, చాలు.

యాస గురించి ఒక మాట. ప్రతి వాక్యం చివరా "ఆయ్" పెడితే గోదావరి అవదు. బ్రోకరు బేరానికి వచ్చినప్పుడు అండీలు రాలతాయి, ఇంట్లో అక్కాతమ్ముళ్ల మధ్య ఒక్కటీ ఉండదు. మెకానిక్కు అసలు మాట్లాడడు, చెయ్యే మాట్లాడుతుంది.

కథంతా ఒకేసారి తిరగరాయకు. ముందు అక్క సంతకం సీను రాసి పంపు. పాలకొల్లులో ఆ పూట కరెంటు ఉందో లేదో కూడా తేల్చుకుని రాయి.

ఉంటాను.